ఇంటి ముందు పూలమడి: ఏళ్ల తరబడి ఉండే మొక్కలా, సీజన్ పూలా? అనంతపురం నేలకు ఒక సమాధానం

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: అనంతపురంలో కొత్త ఇల్లు, పడమటి ముఖం. ఇంటికీ కాంపౌండు గోడకూ మధ్య 30 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు ఖాళీ ఉంది. దక్షిణం వైపు గోడ అవతల వేపచెట్టు ఉంది. ఉన్నది బోరు నీళ్లే. ఏటా డిసెంబరులో బండి మీద కొన్న పెటూనియాలు, డేలియాలు ఉగాది దాటేసరికి మాడిపోతున్నాయి. దేవుడికీ జడలోకీ పూలు కావాలి. అన్నీ ఏళ్ల తరబడి ఉండేవే పెట్టుకోవాలా, సీజన్ పూలు కూడా ఉంచాలా? పోయినేడు కొన్న నాలుగు చామంతి కుండీలు పారేయాలా?

ముందు సూటిగా చెబుతాను. స్థలంలో మూడొంతులు శాశ్వతమైన పొదలకు ఇవ్వండి. మిగిలిన పావు వంతు మాత్రమే సీజన్ పూలకు. పొదల్లో మల్లె, కనకాంబరం, నందివర్ధనం, మందారం, కాగితం పూలు. సీజన్ పూలలో వానాకాలానికి బంతి, సీతమ్మ జడగంటలు. చలికాలానికి ఆస్టర్, పెటూనియా. ఎండాకాలానికి బొగడబంతి, గడ్డి గులాబీ. చామంతి కుండీలు పారేయొద్దు, వాటి సంగతి చివర చెబుతాను.

ఈ లెక్క నీళ్ల వల్ల వచ్చింది. మే నెలలో మన ఎండకు, గాలికి చదరపు అడుగు మడి రోజుకు సుమారు 600 మిల్లీలీటర్లు తాగుతుంది. మీ 240 చదరపు అడుగులూ బంతి, జినియాలతో నింపితే రోజూ 150 లీటర్లు పోయాలి, ఒక్కరోజు తప్పినా తలలు వాల్చేస్తాయి. అదే వేళ్లు దిగిన మల్లె, నందివర్ధనం లాంటి పొద ఒక్కోదానికి నాలుగు రోజులకోసారి 15 లీటర్లు చాలు. ఆరు పొదలకు సగటున రోజుకు 22 లీటర్లు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన పడే ఊళ్లో ఈ తేడాను పక్కన పెట్టి మొక్కలు ఎంచుకోలేం.

రెండో సంగతి. వీడియోల్లో 'పెరెన్నియల్' (ఏళ్ల తరబడి ఉండేది), 'యాన్యువల్' (ఒక్క సీజనుది) అని విని మొక్కలు కొంటే మోసపోతాం. ఆ మాటలు మంచు కురిసే దేశాల లెక్కలో పుట్టినవి. అక్కడ మొక్కను చంపేది చలి, ఇక్కడ చంపేది రోహిణి కార్తె. అక్కడ ఏళ్ల తరబడి బతికే టులిప్, పియోనీలకు గట్టి చలికాలం పడనిదే పువ్వు రాదు. మన దగ్గర ఆ దుంపలు కొనడం డబ్బు దండగ. అక్కడ మంచుకు చచ్చిపోతుందని ఒక్క సీజనుకే నాటుకునే బిళ్ళగన్నేరు మాత్రం మన గోడ పగుళ్లలో మూడేళ్లయినా పూస్తూనే ఉంటుంది. కాబట్టి డిసెంబరులో బండి మీద పువ్వు చూసి కొనొద్దు. మే నెలలో మీ వీధిలో నడిచి, ఎవరి గోడ మీద ఏ మొక్క ఆకు పచ్చగా ఉందో చూసి రాసుకోండి. దాన్ని మించిన జాబితా ఏ నర్సరీ ఇవ్వదు.

నాటకముందు నేల సంగతి. కొత్త ఇల్లు అన్నారు కాబట్టి గోడ పక్కన ఉన్నది మట్టి కాదు, సిమెంటు పెళ్లలు, సున్నం, ఇటుక ముక్కలు అయ్యుంటాయి. పైన రెండంగుళాల ఎర్రమట్టి పరిచి ఉంటారు. గడ్డపారతో అడుగున్నర లోతు తవ్వి చూడండి. పెళ్లలు ఉంటే తీసి బయట పోయాల్సిందే, దీనికి దగ్గరి దారి లేదు. తర్వాత పిడికెడు పొడి మట్టి మీద కాస్త వెనిగర్ పోయండి. బుసబుసమని నురగ వస్తే సున్నం ఎక్కువ ఉన్నట్టు. అలాంటి నేలలో నూరువరహాలు, గార్డీనియా పెట్టొద్దు. పెట్టినా లేత ఆకులు పసుపెక్కి, ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి. మట్టిలో ఇనుము లేక కాదు, సున్నం ఎక్కువైతే అది వేరుకు అందదు. మందారం, గులాబీ, మల్లె కూడా ఒక్కోసారి ఇలా అవుతాయి కానీ వాటిని నిలబెట్టుకోవచ్చు. లీటరు నీటికి అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) 5 గ్రాములు, నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) 1 గ్రాము కలిపి, పది రోజుల తేడాతో మూడుసార్లు సాయంత్రం పూట ఆకుల మీద కొట్టాలి. ముందు నిమ్మ ఉప్పు కరిగించి, ఆ తర్వాతే అన్నభేది వేయాలి. వట్టి బోరు నీళ్లలో అన్నభేది వేస్తే నీళ్లు ఇటుక రంగుకు తిరుగుతాయి. అప్పటికి ఇనుము తుప్పులా తేరిపోయినట్టే, కొట్టినా పని చేయదు. పచ్చబడేది లేత ఆకులే. ముదిరిన పసుపు ఆకులు అలాగే రాలిపోతాయి, వాటిని చూసి మందు పనిచేయలేదనుకోకండి.

గుంత అడుగున్నర పొడవు, వెడల్పు, లోతు. తవ్విన మట్టిలో రాళ్లు ఏరేసి, బాగా మాగిన పశువుల ఎరువు ఒక గంప, వేపపిండి పావు కిలో కలిపి తిరిగి నింపండి. పచ్చి పేడ వేస్తే చెదలు పడతాయి, ఎర్రనేలల్లో మరీను. కర్నూలు, నంద్యాల వైపు నల్లరేగడిలో ఇది చదివేవాళ్లు గుంత తవ్వడం కన్నా అడుగు ఎత్తు గట్టు పోసి దాని మీద నాటడం మంచిది. రేగడిలో గుంత తవ్వితే వాన నీళ్లు అందులోనే నిలిచి వేరు కుళ్లుతుంది. రేగడి మట్టిలో రెండు గంపల ఇసుక కలిపితే గుల్లబారుతుందని చాలామంది అంటారు. ఆ కాస్త ఇసుకతో ఏమీ మారదు, ఎరువు, ఆకుచెత్త ఎక్కువ కలపాలి.

నాటే కాలం. మృగశిర కార్తెకే నాటాలన్నది కోస్తా వాళ్లకు సరిపోతుంది. మన దగ్గర జూన్, జూలైలలో వాన కన్నా గాలి ఎక్కువ. రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు. ఆ ఆషాఢం గాలికి లేత మొక్క ఆకులోని తడి వేరు అందించేదానికన్నా వేగంగా పోతుంది. అనంతపురానికి ఎక్కువ వాన పడేది సెప్టెంబరులో. ఆగస్టు చివరి వారం నుంచి అక్టోబరు మధ్య దాకా పొదలు నాటితే, ఎండలు ముదిరేలోపు వేళ్లు దిగడానికి ఐదు నెలలు దొరుకుతాయి. పొదలకు మొదటి వేసవి ఒక్కటే గండం. మార్చి మధ్య నుంచి జూన్ మొదటి వారం దాకా పడమటి వైపు గ్రీన్ నెట్టో, కొబ్బరి మట్టలో అడ్డం కట్టి, రెండు రోజులకోసారి 5 లీటర్లు పోయండి. రెండో ఏడు నుంచి నాలుగైదు రోజులకోసారి 15 లీటర్లు. పాదు మొదలు చుట్టూ కాదు, కొమ్మలు ఎంత విస్తరించాయో అంత దూరంలో ఉండాలి.

నర్సరీ మొక్కల్లో చాలావరకు కడియం నుంచి లారీల్లో వస్తాయి. గోదావరి గాలి తేమలో పెరిగినవి. తెచ్చిన రోజే ఎండలో నాటకుండా పది రోజులు వేపచెట్టు నీడలో ఉంచి అలవాటు చేయండి. కవరు చింపాక చూస్తే వేళ్ల చుట్టూ జిగురు మట్టి ఉండలా ఉంటుంది. దాన్ని అలాగే మన గరుసు నేలలో పెడితే నీళ్లు చుట్టూ మట్టిలోకి జారిపోతాయి, ఉండ మధ్యలో మాత్రం ఎండిపోతుంది. బయట మడి తడిగా కనిపిస్తున్నా మొక్క వాడిపోయే కారణం ఇదే. ఉండను బకెట్ నీళ్లలో పది నిమిషాలు నానబెట్టి, బయటి అంగుళం మట్టిని వేళ్లతో మెల్లగా వదులు చేసి నాటండి.

ఇక మీ స్థలంలో ఏది ఎక్కడ.

వేపచెట్టు వైపు 8 అడుగులు కనకాంబరానికి. సగం నీడను ఇష్టంగా భరించే పూల మొక్క మనకు ఇదొక్కటే అనుకోవచ్చు. అడుగున్నర దూరంలో రెండు వరసలు, పది పన్నెండు మొక్కలు. నాటిన రెండు మూడు నెలలకు వెన్నులు వేస్తుంది, వాన ఎక్కువైన రోజుల్లో తగ్గినా ఏడాదంతా పూస్తుంది. పూలు కింది నుంచి పైకి విచ్చుకుంటాయి, రోజు విడిచి రోజు కోయాలి. వెన్ను మొత్తం పూసేశాక తుంచేయండి. నాటు రకాలకు గింజ కడుతుంది. ఎండిన వెన్నుకు నీటి చుక్క తగిలితే కాయలు చిటపటమని పేలి గింజలు దూరం పడతాయి, కాబట్టి గింజ కావాలంటే నీళ్లు పోయకముందే తీసుకోవాలి. ఢిల్లీ కనకాంబరం పువ్వు పెద్దది, రంగు బాగుంటుంది కానీ గింజ కట్టదు, కొమ్మ కత్తిరింపులతోనే పెంచాలి. పైగా ఎండు తెగులుకు, వేళ్లను పట్టే నులిపురుగులకు (నెమటోడ్లకు) తొందరగా లొంగుతుంది. మొదటిసారి పెట్టేవాళ్లకు నాటు రకమే నా సలహా.

కనకాంబరం నిలువునా ఎండిపోతే పీకి వేళ్లు చూడండి. వేళ్ల మీద జొన్నగింజల్లా బుడిపెలు ఉంటే నులిపురుగులు. అక్కడే మళ్లీ కనకాంబరం పెట్టొద్దు. ఎర్ర రెక్కకు పసుపు అంచు ఉండే పొట్టి బంతిని ఆ మడిలో దగ్గర దగ్గరగా మూడు నెలలు పెంచితే నులిపురుగులు తగ్గుతాయి. అందుకే మీరు కూడా జూలైలో ముందు ఆ జాగాలో పొట్టి బంతి వేసి, అక్టోబరులో అది తీసేసి కనకాంబరం నాటండి. సీజన్ పువ్వు శాశ్వత మొక్కకు నేల సిద్ధం చేసి పెడుతుంది.

మధ్యలో 14 అడుగులు. గోడ వారగా ఐదడుగుల దూరంలో నందివర్ధనం, ముద్దమందారం, పసుపు గంటల్లాంటి పూలు పూసే టేకోమా. వాటికి ముందు నాలుగడుగుల దూరంలో మూడు మల్లెలు. మల్లెకు కనీసం ఆరు గంటల నేరుటెండ కావాలి. నీడలో పెడితే తీగలు సాగి ఆకు తప్ప మొగ్గ ఉండదు. నర్సరీలో మల్లె, జాజి, సన్నజాజి పేర్లు తారుమారు చేసి ఇస్తుంటారు. ఆకు చూసి తేల్చుకోండి: మల్లెకు కణుపు దగ్గర జంటగా ఒంటి ఆకులు, జాజికి ఒకే ఈనెకు రెండు వైపులా ఏడు, తొమ్మిది చిన్న ఆకులు. ఉగాది నుంచి జూన్ దాకా పూలు కావాలంటే మల్లె, వానాకాలంలో కావాలంటే జాజి.

మల్లె పూయడం లేదని అడిగేవాళ్లలో ఎక్కువమంది చేయనిది ఒకటే, కత్తిరింపు. నవంబరు మొదట్లో నీళ్లు బంద్ చేయాలి. ఆకులు కాస్త డీలాపడతాయి, పరవాలేదు. నెలాఖరులో పొదనంతా నేల నుంచి అడుగున్నర ఎత్తుకు కోసేసి, మిగిలిన ఆకులు కూడా దూసేయాలి. చూడ్డానికి చచ్చిన మొక్కలా ఉంటుంది. పాదు తవ్వి గంపెడు ఎరువు, పిడికెడు వేపపిండి వేసి, డిసెంబరు చివర నీళ్లు మొదలుపెడితే జనవరిలో చిగురు, మార్చిలో మొగ్గ. కొత్త కొమ్మ చివరే మొగ్గ వస్తుంది కాబట్టి కోత ఎంత ధైర్యంగా ఉంటే పువ్వు అంత. చిగురేసేటప్పుడు యూరియా చల్లితే మాత్రం తీగ పొడవు సాగిపోతుంది, పూలు తగ్గుతాయి. మొగ్గలు ఊదారంగుకు తిరిగి, మొదలు ఉబ్బి రాలిపోతుంటే లోపల మొగ్గ ఈగ పిల్లపురుగులు ఉన్నట్టు. అలాంటి మొగ్గలన్నీ ఏరి కాల్చేసి, లీటరుకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బునీళ్లు కలిపి వారానికోసారి కొట్టండి. ఆకుల మీద సన్నని తెల్ల చుక్కలు, అడుగున సాలెగూడు కనిపిస్తే ఎర్రనల్లి. దానికి నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు. కానీ ఎండ 35 డిగ్రీలు దాటే రోజుల్లో గంధకం కొట్టొద్దు, ఆకు మాడుతుంది. మే నెలలో అయితే పొద్దున్నే ఆకు అడుగుభాగానికి పైపుతో గట్టిగా నీళ్లు కొట్టడమే మందు.

గేటు పక్క కాగితం పూలు, ఒక్క మొక్క చాలు. మధ్యాహ్నం కాలిన గోడ రాత్రి దాకా సెగ కక్కినా దానికి లెక్కలేదు. తప్పు జరిగేది నీళ్లు ఎక్కువ పోయడంలో. రోజూ నీళ్లు పడితే పచ్చగా పెరిగి ముళ్లు తప్ప పువ్వు చూపించదు. రెండు వారాలు నీళ్లు ఆపి, ఆకు కొంచెం వాడాక ఒక్కసారి నిండుగా పోస్తే విరగబూస్తుంది. అందుకే దీన్ని మల్లె, బంతి ఉన్న డ్రిప్ పైపు మీద కలపకండి. అదే సూత్రం తోటంతటికీ: నీటి అవసరం ఒకేలా ఉన్నవాటిని ఒక లైను మీద పెట్టండి.

మేకల బెడద ఉన్న వీధుల్లో గోడ బయట గన్నేరు పెడుతుంటారు. మొక్క గట్టిదే, కరువుకు చెక్కుచెదరదు. కానీ గన్నేరు, పచ్చగన్నేరు రెండింటిలోనూ ఆకు, పువ్వు, కాయ అన్నీ విషమే. పచ్చగన్నేరు కాయలను పిల్లలు ఆటకు ఏరుకుంటారు. చిన్నపిల్లలుంటే వద్దు. గులాబీ గురించి మీరు అడగలేదు, మంచిదే. అది చాకిరీ మొక్క. తప్పదంటే అంటు లేని పన్నీరు గులాబీ ఒకటి పెట్టుకోండి.

ఇంటి వైపు అంచున రెండున్నర అడుగుల వెడల్పు, 22 అడుగుల పొడవు సీజన్ పూలకు. 55 చదరపు అడుగులు. మూడు పంటలు తీయొచ్చు.

వానాకాలానికి బంతి. దసరాకు పూలు కావాలంటే పండగ తేదీ నుంచి 75 రోజులు వెనక్కి లెక్కపెట్టి నారు పోయండి. గింజ మీద పావు అంగుళం మించి మట్టి కప్పొద్దు, ట్రేను చీమలకు అందకుండా నీళ్ల పళ్లెంలో ఎత్తుగా పెట్టండి, లేదంటే మర్నాటికి గింజలు ఉండవు. 25 రోజులకు నాలుగైదు ఆకుల నారును సాయంత్రం పూట అడుగున్నర దూరంలో నాటాలి. నెలకు తల తుంచితే పక్క కొమ్మలు వచ్చి పూలు ఎక్కువవుతాయి కానీ పది రోజులకు పైగా ఆలస్యం అవుతుంది. పండగ దగ్గర పడితే తుంచకండి. పూసా నారంగి, పూసా బసంతి లాంటి రకాల గింజ దాచుకుంటే మళ్లీ చాలావరకు అలాంటివే వస్తాయి. హైబ్రిడ్ పువ్వు గింజ దాచుకుంటే రెండో ఏడు అన్నీ అలాంటి పూలే పూయవు.

చలికాలానికి ఆస్టర్, పెటూనియా, డయాంథస్ సెప్టెంబరు చివర నారు పోయాలి, డిసెంబరులో పూసిన మొక్క కొంటే సగం ఆయుష్షు నర్సరీలోనే అయిపోయి ఉంటుంది. కడపలో ఇవి ఫిబ్రవరి మధ్యకే అయిపోతాయి. అనంతపురం ఎత్తు మీద ఉంది కాబట్టి ఇంకో రెండు మూడు వారాలు నిలుస్తాయి. ఉగాది తర్వాత ఎండిపోవడం మీ తప్పు కాదు, వాటి ఆయుష్షే అంత. ఫిబ్రవరిలోనే బొగడబంతి గింజ చల్లి, గడ్డి గులాబీ కొమ్మలు గుచ్చేయండి. పాతవి పోయేసరికి ఇవి అందుకుంటాయి. నీళ్లు మరీ కరువైన ఏడు ఆ మడిని ఎండాకాలం ఖాళీగా వదిలేసినా నష్టం లేదు, పొదలకు ఆ నీళ్లు దక్కుతాయి.

మల్చింగుకు, అంటే తడి ఆరకుండా మట్టి మీద పరిచే కప్పుకు, మన దగ్గర తేలిగ్గా దొరికేది శెనక్కాయ పొట్టు. రెండంగుళాల మందం పరిస్తే తడి రెండు రోజులు ఎక్కువ నిలుస్తుంది. అయితే పచ్చి పొట్టు నేరుగా వేయకండి. అందులో మిగిలిన గింజలకు ఎలుకలు వస్తాయి, శెనక్కాయ చేలో ఉండే మొదలుకుళ్లు బూజు దానితోపాటు వచ్చి బంతికీ కనకాంబరానికీ అంటుకోవచ్చు. మొక్క మొదలు దగ్గర తెల్లటి దూదిలాంటి బూజు, ఆవగింజల్లాంటి గోధుమరంగు ఉండలు కనిపిస్తే అదే. పొట్టును ముందు ఎరువు గుంతలో మాగబెట్టి, కాండానికి నాలుగంగుళాలు ఎడంగా వేయండి.

ఆర్వో మిషన్ నుంచి పారబోసే నీళ్లు మొక్కలకు పోయొద్దు. బోరు నీటిలోని ఉప్పంతా అందులోనే చిక్కబడి ఉంటుంది. కుండీ అంచున తెల్లటి పొర కట్టేది అదే. ఏసీ నుంచి కారే నీళ్లు మాత్రం పట్టి పెట్టుకోండి, ఉప్పు ఉండదు, మందారానికి వరం.

ఇక చామంతి. పువ్వు అయిపోగానే చచ్చిందనుకుంటాం కానీ మొక్క మొదలు దగ్గర చూడండి, మట్టిని ఒరుసుకుని చిన్న పిలకలు ఉంటాయి. ఎండిన కొమ్మలను నాలుగైదు అంగుళాల ఎత్తుకు కోసేసి, కుండీలను పొద్దుటి ఎండ మాత్రమే పడే చోటికి మార్చండి. వేసవిలో మట్టి తడిగా ఉంటే చాలు, నీళ్లు నిలవకూడదు. జూన్ చివర పిలకలను వేళ్లతో సహా విడదీసి ఒక్కోదాన్ని కొత్త మట్టిలో పెట్టండి. నెలకు తల తుంచండి, ఆగస్టు చివర మరోసారి, ఆ తర్వాత తుంచొద్దు. రాత్రి పొడవు పెరిగితేనే చామంతి మొగ్గ తొడుగుతుంది. కాబట్టి కుండీ మీద వీధి దీపమో, రాత్రంతా వెలిగే వరండా బల్బో పడుతుంటే సంక్రాంతి దాటినా ఆకులే ఉంటాయి. సెప్టెంబరులో ఒక రాత్రి బయటికొచ్చి చూడండి. కుండీ నీడ నేల మీద స్పష్టంగా పడుతుంటే దాన్ని ఆ వెలుగు తగలని మూలకు జరపండి.